మరిది బిగించిన నట్టు

కారు పైకి లేచి ఆగింది. రెండు ఇనుప పట్టాల మీద, తలెత్తి చూడాల్సిన ఎత్తులో, అడుగుభాగమంతా బయటపెట్టుకుని నిలబడింది. మట్టీ గ్రీజూ పట్టిన ఆ అడుగు నేనెప్పుడూ చూడలేదు, ఇన్నేళ్ళూ చూసినవాళ్ళు మా ఆయనా మా మరిదీ మాత్రమే, వీపు కింద పాత గోనెసంచి పరుచుకుని కిందికి దూరేవాళ్ళు. ఇక్కడ ఎవరూ దూరనక్కర్లేదు. చక్రాల ఎలైన్‌మెంట్ చేసే మనిషి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, నిటారుగా నిలబడి, ఒక్కో చక్రానికీ అన్నం కంచమంత పలకను తగిలిస్తున్నాడు. గంట పడుతుంది, లోపల కూర్చోండమ్మా అన్నాడు. లోపలంటే ఈ అద్దాల గది. ప్లాస్టిక్ కుర్చీలు, నోరు మూసిన టీవీ, నీళ్ళు అయిపోయిన డబ్బా, ముక్కులోంచి పోని కొత్త టైర్ల వాసన. చివరి కుర్చీలో నేను కూర్చున్నాను. పక్క కుర్చీలో నా తోడికోడలి హ్యాండ్‌బ్యాగు, దాని అవతల నా తోడికోడలు. బ్యాగు ఒళ్ళో పెట్టుకోవచ్చు, కింద పెట్టుకోవచ్చు, కావాలనే మా ఇద్దరి మధ్యా పెట్టింది, పెట్టనీ, ఆ మాత్రం అడ్డం లేకపోతే ఈ గంటసేపూ ఎటు చూడాలో తెలియక ఇద్దరం చచ్చిపోతాం. ఆమె కారు వైపే చూస్తోంది. నేనూ అటే చూస్తున్నాను.

ఇది ఇంట్లో జరిగే పని. మా మామగారు బస్సు డిపోలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, కొడుకులిద్దరికీ ఆస్తి ఇవ్వలేదు కానీ దారం కట్టడం నేర్పించి పోయాడు. కారుకి అటూ ఇటూ నాలుగు స్టూళ్ళు, వాటికి బిగించి కట్టిన నైలాను దారం, చక్రం అంచు నుంచి దారం దాకా ఎంత దూరముందో కొలవడానికి ఇనుప స్కేలు. చక్రం ముందంచు దగ్గర ఒక కొలత, వెనకంచు దగ్గర ఒక కొలత, రెండూ చూసుకుని, కింద ఉన్న రాడ్డుని కాస్త తిప్పి, మళ్ళీ కొలిచి, మళ్ళీ తిప్పి, సరిపోయాక రాడ్డు కదలకుండా దాని మీద నట్టు బిగించేస్తే పని అయినట్టు. నేను కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో పెరట్లో దారం కట్టి ఉంటే బట్టలు ఆరేసుకోవడానికేమో అనుకుని తడి తువ్వాలు వేశాను. మామగారు, మా ఆయన, మరిది, ముగ్గురూ ఒకేసారి పెట్టిన కేక ఇప్పటికీ చెవుల్లో ఉంది, మరిది మాత్రం తర్వాత వంటింటి గుమ్మంలోకి వచ్చి, వదినా, రేపు చీర కూడా ఆరెయ్యి, కారు ఇంకా తిన్నగా పోతుంది అని ఏడిపించాడు. ఏళ్ళ తరబడి ఏడిపించాడు ఆ మాటతో. ఆఖరిసారి కూడా అదే మాటన్నాడు, ఆఖరిసారని ఎవరికీ తెలియదు, నేను మొహం చిట్లించుకుని టీ కప్పు చేతిలో పెట్టాను.

మామగారిది ఒకటే చాదస్తం. ఎవడి బండికి వాడు నట్టు బిగించుకోకూడదు. అన్న బండికి తమ్ముడు బిగించాలి, తమ్ముడి బండికి అన్న. సొంత బండైతే ఇక చాల్లే అనిపిస్తుందిరా, ఎదుటివాడి బండైతే భయముంటుంది, ఆ భయమే పానా గట్టిగా పట్టుకుంటుంది అనేవాడు. ఆయన పోయినా ఆ పద్ధతి పోలేదు. కొలిచేది ఇద్దరూ కలిసి, ఆఖర్న కిందికి దూరి బిగించేది మాత్రం ఎదుటివాడు. నేను ఎన్నోసార్లు నెత్తీ నోరూ కొట్టుకున్నాను, ఊరినిండా మెషిన్లు పెట్టుకుని కూర్చున్నారు, వెళ్ళి ఓ గంట కూర్చుని రాక ఈ దారాలేమిటి, ఆదివారం ఒక్కరోజూ ఈ నేల మీద పొర్లడమేమిటి అని. మా ఆయన ఏమనేవాడంటే, మెషిన్‌వాడు తెర మీద రంగు చూస్తాడు, ఎర్రది పచ్చబడితే చాలు వాడికి, చక్రం వైపు చూడడు. మరి మీరు చక్రం వైపు చూసి ఏం కనిపెడతారో అనేదాన్ని. కానీ నాకు తెలుసు, అది చక్రాల కోసం కాదు. మామూలు రోజుల్లో ఆ అన్నదమ్ములిద్దరూ ఫోన్లో కూడా ఆఁ, ఊఁ, సరే అనుకునేవాళ్ళు, అంతకు మించి మాట పెగిలేది కాదు. దారం కట్టిన రోజు మాత్రం అటువైపు ఒకడు, ఇటువైపు ఒకడు చతికిలబడి, మధ్యలో కారుని పెట్టుకుని, ఒకడి మొహం ఒకడికి కనబడకుండా బోలెడు మాట్లాడుకునేవాళ్ళు, ఆఫీసులో జరిగినవీ, చిన్నప్పటివీ, పెళ్ళాల మీద చాడీలు కూడా. నేను వంటింట్లోంచి వింటూ నవ్వుకునేదాన్ని. అందుకే ఎంత సణిగినా నిజంగా ఆపాలని ఎప్పుడూ అనుకోలేదు.

తెర మీద అంకెలు వచ్చాయి. అన్నీ ఎర్రగా ఉన్నాయి. ఇక్కడి నుంచి చదవడం నాకు రాదు, చదివినా అర్థం కాదు, ఎర్రగా ఉన్నాయన్నది మాత్రం తెలుస్తోంది. నా తోడికోడలు కళ్ళజోడు సర్దుకుంది. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది, రోజంతా ఎవరివో చేతులు పట్టుకుని నరం కోసం వేలితో తడుముతూ ఉంటుంది, సూది గుచ్చినా మొహంలో ఏమీ కదలదు, అది ఆ పని నేర్పిన మొహం. మరిది పోయినరోజు కూడా ఆ మొహమే. ఏడవలేదు. అందరూ ఏడుస్తుంటే ఆమె మా ఆయన ఎదురుగా వచ్చి నిలబడి, మీరు బిగించారా బావగారూ అని ఒక్క మాట అడిగింది. ఆయన తన అరచెయ్యి చూసుకున్నాడు. అంతే, ఆ తర్వాత ఇప్పటిదాకా ఆయనతో మాట్లాడలేదు, మా గుమ్మం ఎక్కలేదు. నాకు ఒళ్ళు మండేది. ఆ మనిషి తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు, నువ్వొక్కదానివే పోగొట్టుకున్నావా అని ఎన్నిసార్లు మనసులో దులిపేశానో. ఎదురుగా మాత్రం ఒక్కసారీ అనలేకపోయాను, ఎందుకంటే ఆ ప్రశ్న నాకూ ఉంది.

ఆ ఆదివారం రెండు కార్లూ ఒకేసారి పెట్టారు. ఎప్పుడూ ఒకదాని తర్వాత ఒకటి చేసేవాళ్ళు, ఆ రోజెందుకో రెండూ పక్కపక్కనే నిలబెట్టి, దారాలు కట్టి, అది కొలిచి ఇది కొలిచి, రెండింటికీ ఎడమ చక్రాల రాడ్డులు సరిచేశారు. నట్లు చేత్తో తిప్పి ఆపి, ఓ చుట్టు తిరిగొచ్చి, తిన్నగా పోతోందో లేదో చూసుకుని, అప్పుడు పానాతో బిగిద్దామనుకున్నారట. ఇది మా ఆయన తర్వాత పోలీసులకి చెప్పాడు, నాకు చెప్పాడు, గోడకి చెప్పాడు, చెప్పిందే చెప్పాడు. రెండు కార్లూ వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాయి. తిన్నగా పోయాయి. స్టీరింగ్ వదిలేసినా గీత గీసినట్టు పోయిందిరా అని ఒకడంటే, నాది కూడా అన్నయ్యా అని ఇంకొకడు, ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి, ఆ సంతోషం నేను కళ్ళారా చూశాను. ఆ తర్వాత? మరిది మా కారు కింద దూరాడని మా ఆయన అంటాడు, కాళ్ళు బయటికి కనబడ్డాయి అంటాడు. తను తమ్ముడి కారు కింద దూరాడు, అదీ గుర్తుంది, గోనెసంచి గుర్తుంది, కంట్లో మట్టి పడింది గుర్తుంది. నట్టు మీద పానా వేసి లాగింది మాత్రం గుర్తులేదు. దూరింది అంతకుముందు కొలిచేటప్పుడా, తిరిగొచ్చాకనా, అదీ గుర్తులేదు. నా చేతికి గుర్తులేదు అంటాడు, అరచెయ్యి చాపి చూసుకుంటాడు. ఎన్ని వందలసార్లు చేసిన పనో, అన్నిసార్లు చేసినందుకే ఆ ఒక్కసారి విడిగా గుర్తుండదు. ఆ వారంలోనే మరిది పని మీద దూరం బయల్దేరాడు, పెద్ద రోడ్డు మీద వేగంగా పోతుండగా కారు ఎడమకి తిరిగి లారీ కిందికి పోయింది.

ఎడమ చక్రం రాడ్డు ఊడి ఉంది. చూడటానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు, ఊడి గుద్దుకుందో, గుద్దుకుని ఊడిందో చెప్పలేమండీ అని చెప్పి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆ మనిషికి ఆ మాట చాలు. మాకు చాల్లేదు. మా ఆయన ఉద్యోగానికి వెళ్ళొస్తాడు, అన్నం ముందు కూర్చుంటాడు, లేస్తాడు, గోడ వైపు తిరిగి పడుకుంటాడు, పిల్లలు పిలిస్తే ఆఁ అంటాడు. మెడ దగ్గర చొక్కా వదులైపోయింది. డాక్టరిచ్చిన మాత్రలు నేను లెక్కపెట్టి నా దగ్గరే దాచుకుంటున్నాను, ఎందుకో పైకి అనను. ఒక్క విషయంలోనే ఆయన గొంతులో ప్రాణం వస్తుంది. వాడు నాకు సరిగ్గానే బిగించాడు, చూడు, మన కారు ఎలా తిరుగుతోందో చూడు, వాడు తన పని చేశాడు, నేనే చెయ్యలేదు. అలా అంటూ కారుని నా చేతికిచ్చాడు. నేను నడుపుతున్నాను, పిల్లల్ని స్కూలుకి దింపుతున్నాను, బజారుకి పోతున్నాను. మొదట్లో బాగానే ఉంది. ఈమధ్యే స్టీరింగ్ చేతిలో వణకడం మొదలుపెట్టింది, ఎడమకి లాగుతోంది, టైరు లోపలి అంచు బోడిగుండైపోయింది. చూపిస్తానంటే మా ఆయన ఒప్పుకోలేదు. వాడు చేసింది, ఎవడూ ముట్టుకోకూడదు అన్నాడు. ఈ ఉదయం చెప్పేసి వచ్చేశాను, పిల్లలు ఎక్కే బండి, మీ తమ్ముడి గుర్తుగా పెట్టుకోవడానికి వీల్లేదు అని. ఆయన తల తిప్పలేదు.

ఎలా తెలిసిందో, మా అమ్మాయే చెప్పి ఉంటుంది, బయల్దేరుతుంటే తోడికోడలు ఫోన్ చేసింది. అక్కా, కారు చూపించడానికి వెళ్తున్నావటగా, నేనూ వస్తాను అంది. ఎందుకని నేను అడగలేదు. ఎందుకో నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకి తెలుసు. మా కారు నట్టు బిగించి ఉంటే ఆ రోజు మరిది తన వంతు పని చేశాడు, మా ఆయనొక్కడే మరిచిపోయాడు. మాదీ బిగించి లేకపోతే ఇద్దరూ మరిచిపోయారు, ఇద్దరూ ఆ సంతోషంలో పానా సంగతే మరిచి భోజనాలకి వచ్చేశారు, ఒక కారు దూరం పోయింది, ఒక కారు పోలేదు, అంతే తేడా. దారి పొడుగునా స్టీరింగ్ వణికినప్పుడల్లా ఆమె చూపు నా చేతుల మీదికి వచ్చి పోతోంది. ఇక్కడికి వచ్చాక, ముందా నట్టు చూడవయ్యా అని ఈ మనిషితో అనొచ్చు. ఆమె అనలేదు, నాకూ నోరు రాలేదు. ఎలాగూ అంకెలు సరిచెయ్యాలంటే ఆ నట్టు మీద పానా వెయ్యాల్సిందే కదా, తనే చూస్తాడు, తనే చెప్తాడు, మనం అడిగి చెప్పించుకున్నట్టు ఉండదు. అందుకని కూర్చున్నాం.

అతను కంప్యూటరులో ఏదో నొక్కుతున్నాడు. తొందరేం లేదు అతనికి. నేను ఏం కోరుకుంటున్నానో ఈ పక్కనున్న మనిషికి తెలిస్తే ఏమంటుంది, తెలిసే ఉంటుంది, వదులుగా ఉండాలి, వదులుగా ఉండాలి, భగవంతుడా ఆ నట్టు వదులుగా ఉండాలి. వదులుగా ఉంటే ఇంటికి వెళ్ళి ఆయన భుజం పట్టి ఇటు తిప్పి చెప్తాను, మీరొక్కరే కాదు, వాడు కూడా మరిచిపోయాడు, లేవండి, అన్నం తినండి అని. అనుకుంటూ అనుకుంటూ ఒక్కసారి ఆగిపోయాను. వదులుగా ఉందంటే ఇన్నాళ్ళూ నా పిల్లలు దేని మీద కూర్చున్నట్టు? స్కూలు దారిలోని వంతెన మీద, పక్కన బస్సులు రాసుకుంటూ పోతుంటే, చిన్నవాడు వెనకసీట్లో షూ లేసు కట్టుకుంటూ, పిల్ల కిటికీకి తల ఆనించి నిద్రపోతూ. ఆ నట్టు మీద. నేనేం తల్లిని, కూర్చుని ఇది కావాలని మొక్కుకుంటున్నాను? అయినా మొక్కుకుంటున్నాను. పిల్లలు బతికే ఉన్నారు కదా, స్కూల్లో ఉన్నారు కదా, జరిగిపోయిన దానికి ఇప్పుడు జరిగేదేముంది, వదులుగా ఉండనీ. పక్కన ఆమె పెదవులు కూడా కదిలినట్టనిపించింది. ఆమె బిగించి ఉండాలని అనుకుంటోంది. తప్పేముంది, మొగుడు పోయిన మనిషికి ఆయన తన పని సరిగ్గా చేసి పోయాడన్న ఒక్క మాట మిగలాలనుకోవడం తప్పా? ఒకే నట్టు గురించి ఒకే గదిలో ఇద్దరం కూర్చుని రెండు దిక్కులకి లాగుతున్నాం. నాకు దాహం వేసింది, లేచి డబ్బా దగ్గరికి వెళ్ళి అందులో నీళ్ళు లేవని మళ్ళీ చూసి వచ్చి కూర్చున్నాను.

అతను కారు కిందికి వెళ్ళాడు. లైటు వేసుకున్నాడు. పానా పైకెత్తి, ఆగి, పానా దించేశాడు. వేళ్ళతో ఏదో ముట్టుకున్నాడు. చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేసి మా వైపు తిరిగి, రమ్మని చెయ్యి ఊపాడు. నేను లేచేసరికే ఆమె తలుపు దాటేసింది, బ్యాగు కుర్చీలోనే ఉండిపోయింది.

“ఇది ఎవరు చేశారమ్మా?” అన్నాడు.

ఇంట్లో చేశారు అన్నాను.

“నట్టు అసలు బిగించలేదు. చేత్తో తిప్పి వదిలేశారు.” వేలితో అటూ ఇటూ తిప్పి చూపించాడు, మెత్తగా తిరిగింది. రాడ్డు మీది మరచుట్లు అరిగిపోయాయట, ఇంకొన్ని చుట్లు తిరిగితే రాడ్డు ఊడి వచ్చేదట, ఊళ్ళోనే తిరిగారు కాబట్టి సరిపోయిందట, పెద్ద రోడ్డు ఎక్కి ఉంటే మీరు ఇక్కడ నిలబడేవాళ్ళు కాదు అన్నాడు. మామూలుగానే అన్నాడు, రోజూ ఎవరికో ఒకరికి అనే మాటలాగే. నాకు ముందు సంతోషమే కలిగింది. దాన్ని సంతోషం అనకూడదు, కానీ అదే, ఛాతీలో ఇన్నాళ్ళుగా ఇరుక్కున్నదేదో ఊడివచ్చినట్టు. వెంటనే వెనకసీట్లో పిల్లల తలలు కళ్ళముందుకొచ్చి, ఇనుప స్తంభం పట్టుకున్నాను. అతను పానా మళ్ళీ ఎత్తాడు.

కాసేపు ఆగండి అంది తోడికోడలు. చెయ్యి పైకెత్తి ఆ నట్టుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంది, రోజూ నరాలు వెతికే ఆ వేళ్ళతో, తిప్పలేదు, ఊరికే పట్టుకుంది. మరిది ఆఖరిసారి పెరట్లో ముట్టుకున్నది అది. అక్కడిదాకా తిప్పి, వదిలేసి, భోజనానికి లేచిపోయాడు. చాలాసేపు పట్టుకుంది. ఎలైన్‌మెంట్ మనిషి ఏమీ అర్థంకాక నా వైపు చూశాడు. నేను కారు వైపు చూశాను. ఇద్దరూ మరిచిపోయారక్కా అంది ఆమె, నాతో కాదు, ఆ నట్టుతో అన్నట్టు. ఆ మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. నాకు ఆమెను పట్టుకోవాలనిపించింది, పట్టుకోలేదు, ఆమె వేళ్ళకంతా గ్రీజు. అప్పుడే నా ఫోన్ మోగింది. మా ఆయన. పగలు ఆయన తనంతట తాను ఎవరికైనా ఫోన్ చేసి ఎన్నాళ్ళైంది. ఎత్తాను. మెషిన్‌వాడు ఏమన్నాడు అని అడిగాడు, ఇంకే పలకరింపూ లేదు, ఊపిరి మాత్రం వినిపిస్తోంది, గోడ దగ్గరి నుంచి లేచి గది మధ్యలో నిలబడి ఉంటాడు. చెప్పబోయాను. నోట్లోకి వచ్చేసింది మాట. ఆమె గ్రీజు చెయ్యి నా ముందుకు చాపింది. ఎందుకిచ్చానో తెలియదు, ఇచ్చేశాను.

“బావగారూ, నేను,” అంది. “మీ కారు నట్టు గట్టిగానే ఉంది. మీ తమ్ముడు బాగా బిగించాడు.”

ఫోన్ నా చేతిలో పెట్టేసింది. కక్షతో అన్నదేమోనని ఆమె మొహం చూశాను. కక్ష ఉంటే బాగుండేది, అప్పుడే అక్కడే కడిగేసి నిజం చెప్పేదాన్ని. అది కాదు అక్కడున్నది. పోయిన మొగుడి మీద ఇంకొక్క మాట పడకుండా రెండు చేతులూ అడ్డం పెట్టిన మనిషి, అంతే. నేను ఫోన్ చెవికి ఆనించుకున్నాను. ఒక్క మాట చాలు, అబద్ధం చెప్తోందండీ అంటే చాలు. ఆయన ఏడుస్తున్నాడు. తమ్ముడు పోయినరోజు ఏడవని మనిషి, ఇన్నాళ్ళూ ఏడవని మనిషి. ఏడుస్తూనే, నేను చెప్పలా, నేను చెప్పలా అంటున్నాడు, వాడు నా బండికి నిర్లక్ష్యం చెయ్యడు, నాన్న చెప్పింది వాడు ఒక్కనాడు తప్పలేదు, నాకు తెలుసు. ఆ గొంతులో గర్వం ఉంది. కొడుకు పరీక్ష పాసయ్యాడని పదిమందికీ చెప్పుకునే తండ్రి గర్వంలాంటిది. అదొక్కటే మిగిలింది ఆ మనిషి దగ్గర, ఈ మాటతో మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకుంటాడు, తప్పంతా ఒక్కడే నెత్తిన వేసుకుని పడుకుంటాడు, అదీ నాకు తెలుసు. నిజం చెబితే తప్పు సగమవుతుంది, తమ్ముడూ సగమైపోతాడు. ఎలైన్‌మెంట్ మనిషి నా మొహంలోకీ ఆమె మొహంలోకీ చూసి, ఇయర్‌ఫోన్లు మళ్ళీ పెట్టేసుకున్నాడు. తోడికోడలు చేతులు తుడుచుకోకుండా నిలబడి ఉంది, నన్ను బతిమాలలేదు, నా వైపు చూడను కూడా చూడలేదు.

“వింటున్నావా?” అన్నాడు మా ఆయన. “గట్టిగానే ఉంది కదూ?”

“అవునండీ,” అన్నాను. “గట్టిగానే ఉంది.”